పెరటి చెట్లకు గొలుసు రంపము – ఎంచుకొను విధము

ఒకప్పుడు మన పల్లెలలో చెట్టు కొట్టుటకు సాధనములు రెండే: గొడ్డలి యొకటి, ఇద్దరు చెరియొక ప్రక్క నిలిచి లాగు రంపము మరియొకటి. నేడు చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఈ రెండింటి స్థానమున గొలుసు రంపము వచ్చి చేరినది. అంగళ్ళలో దీనిని 'చెయిన్ సా' అని అడిగి కొనుచున్నారు. దినమంతయు పట్టు పనిని ఇది ఒక్క గంటలో ముగించును. అంతే వేగముగా కోయువాని కాలును కూడ కోయగలదు. కావున ఇట్టి పనిముట్టును ఎంచుకొనునపుడు వెలను మాత్రమే విచారించినచో చాలదు. ఇంటి యజమాని క్షేమమును, అతనిపై ఆధారపడియున్న పిల్లల క్షేమమును కూడ ఆలోచింపవలసి యుండును.

అంగడివాడు చూపు పెద్ద అంకెను చూచి రంపమును కొనరాదు. మనము కోయవలసిన కట్టె ఎట్టిది? దానిని పట్టి పనిచేయువాడు ఎవడు? చెడిపోయినపుడు బాగుచేయువాడు ఎంత దూరమున నున్నాడు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము దొరకిన తరువాతనే అంగడి మెట్టు ఎక్కవలెను. ఈ వ్యాసమునకు ముఖ్యాంశము ఇదియే.

మన నేల, మన చెట్లు

నీలగిరి చెట్టునకు మన జిల్లాతో గల సంబంధము పాతది. ఆస్ట్రేలియా దేశమునకు చెందిన ఈ చెట్టును సుమారు 1790 ప్రాంతమున టిప్పు సుల్తాను నందికొండపై తన తోటలో నాటించెనని చెప్పుదురు. ఆ కొండ మీదినుండి వ్యాపించిన రకమునకే 'మైసూరు గమ్' అను పేరు వచ్చినది. తరువాత 1980 దశకమున సామాజిక అరణ్య పథకముల కాలములో నాటి కోలారు జిల్లాలోని మెట్ట భూములు అనేకము నీలగిరి తోపులుగా మారినవి. చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 2007లో. భూమిలోని నీరు అడుగంటుచున్నదను ఆందోళన పెరుగుటచే కర్ణాటక ప్రభుత్వము 2017లో నీలగిరిని క్రొత్తగా నాటుటను నిషేధించినది. అందుచే పాత తోపును కొట్టివేసి, ఆ భూమిని మరల పంటకు తెచ్చుకొనవలెనను కోరిక రైతులకు కలుగుట సహజము. రంపము అవసరమగుటకు ఇది యొక ముఖ్య కారణము.

రెండవ కారణము ఇంటి పెరడు, పొలము గట్టు, మామిడి తోట. వేప, కానుగ, చింత, తుమ్మ, నేరేడు మన గట్లపై పెరుగు చెట్లు. గాలివానకు విరిగిన కొమ్మలు, ఎండిన మానులు, ఇంటి పైకప్పు మీదికి వంగిన శాఖలు ఏటేట తొలగింపవలసినవే. ఈ చెట్లన్నియు ఒకే తీరున కోతకు లొంగవు. పచ్చి నీలగిరి సులభముగా తెగును, ఆరినకొలది గట్టిపడును. చింత చేవ ఇనుమును పోలినది. ముసలి చింతమానులో ఎన్నడో కొట్టిన మేకులు, కట్టిన తీగలు, తొఱ్ఱలో చేరిన రాళ్ళు దాగియుండుట కూడ కలదు. వానికి తగిలినచో గొలుసు పండ్లు ఒక్క క్షణములో మొద్దుబారును, తెగిన ముక్క ఎగిరి వచ్చుటయు సంభవించును.

కట్టెను కొలుచుట

రంపమును కొనుటకు ముందు చేయవలసిన పని ఒక త్రాటితో ముగియును. తరచుగా కోయవలసిన మానుల చుట్టుకొలతను త్రాటితో కొలిచి, ఆ కొలతను 3.14 చేత భాగించినచో మాను అడ్డుకొలత తెలియును. చుట్టుకొలత 38 అంగుళములైనచో అడ్డుకొలత సుమారు 12 అంగుళములు. చుట్టుకొలత 50 అంగుళములైనచో సుమారు 16 అంగుళములు. ఉన్నత పాఠశాలలో చదువు పిల్లవాడు ఈ లెక్కను క్షణములో చేసి చూపగలడు.

గొలుసు ఒక ఉక్కు పట్టీ అంచు వెంబడి తిరుగుచుండును. ఈ పట్టీని 'బారు' అందురు. బారు పొడవు కోయవలసిన కట్టె అడ్డుకొలతకంటె రెండు అంగుళములు ఎక్కువ యున్నచో చాలును. సంవత్సరమున ఒక్కసారి ఎదురగు మహావృక్షమును దృష్టిలో నుంచుకొని బారును ఎంచరాదు. వారము వారము ఎదురగు కట్టెను బట్టి ఎంచవలెను. ఆ మహావృక్షమునకు అనుభవముగల కోతవానిని పిలుచుటయే మేలు.

యంత్రము పరిమాణము

యంత్రము పరిమాణమును 'సి.సి.'లలో చెప్పుదురు. స్థూలముగా ఈ క్రింది లెక్కను గుర్తుంచుకొనవచ్చును. పది పండ్రెండు అంగుళముల లోపు కొమ్మలకు 35 నుండి 40 సి.సి. యంత్రము, 14 లేక 16 అంగుళముల బారు తగినవి. పదునారు అంగుళముల వరకు గల నీలగిరి, మామిడి, వేప మానులకు 45 నుండి 50 సి.సి. యంత్రము, 18 అంగుళముల బారు కావలెను. అంతకు మించి పదునెనిమిది అంగుళముల వరకు గట్టి కట్టెను తరచుగా కోయువారికి 55 నుండి 60 సి.సి. యంత్రము, 20 అంగుళముల బారు. 70 సి.సి.కి పైబడినవి వృత్తిగా కలప కోయువారి పనిముట్లు. గృహస్థునకు అవసరము లేదు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. '58 సి.సి., 22 అంగుళములు' అని పెట్టె మీద పెద్ద అక్షరములతో అచ్చువేసి, తక్కువ వెలకు అమ్ము యంత్రములు విరివిగా కనిపించుచున్నవి. సి.సి. అనునది యంత్రము లోపలి గది పరిమాణమే గాని శక్తి కాదు. శక్తిని కిలోవాట్లలో చెప్పుదురు. రెండు యంత్రముల సి.సి. ఒక్కటే యైనను ఒకదాని శక్తి రెండవదానికంటె చాల తక్కువగా నుండవచ్చును. శక్తి చాలని యంత్రమునకు పొడవైన బారును తగిలించినచో గొలుసు వేగము తగ్గును, యంత్రము వేడెక్కును, బారు కొన వరకు నూనె అందదు. ఇట్టి రంపముతో పనిచేయువాడు దానిని కట్టెపై బలముగా అదుముచుండును. అపాయము అచ్చటనే ప్రారంభమగును. కావున కిలోవాట్ల అంకె వ్రాసియుండని యంత్రమును కొనకుండుట మంచిది.

బరువు కూడ చూడవలెను. 50 సి.సి. యంత్రము బారు, గొలుసు, ఇంధనము లేకయే సుమారు అయిదు కిలోలుండును. అన్నియు చేరినపుడు ఏడు కిలోలకు దగ్గరగును. దానిని నడుము వంచి అరగంట సేపు పట్టగలవాడెవడో అతడే అంగడికి వెళ్ళి చేతపట్టి చూడవలెను. తండ్రి పనిచేయుటకై కొడుకు బలమును బట్టి రంపమును కొనరాదు.

గొలుసు కథ

ఈ యంత్రము చరిత్ర తెలిసినచో దాని స్వభావము తెలియును. జర్మనీ దేశమున ఆండ్రియాస్ స్టీల్ అను ఇంజనీరు 1926లో విద్యుత్తుతో నడచు గొలుసు రంపమును, 1929లో పెట్రోలుతో నడచు దానిని తయారుచేసెను. అవి ఇద్దరు పట్టి నడుపవలసినంత బరువైనవి. ఆనాటి గొలుసు పండ్లు సాధారణ రంపపు పండ్ల వంటివి, తరచుగా మొద్దుబారుచుండెడివి. 1946లో అమెరికా దేశమున జోసెఫ్ కాక్స్ అను కోతవాడు ఒక మొద్దులో కట్టెను తొలుచుచున్న పురుగు పిల్లను గమనించెను. అది తన దౌడలతో కుడియెడమలకు కట్టెను చెక్కుచు, నారకు అడ్డముగను, వెంబడిగను సులభముగా పోవుచుండెను. ఆ దౌడల ఆకారమునే ఉక్కున పోతపోసి అతడు క్రొత్త గొలుసును కల్పించి 1947లో అమ్మకమునకు పెట్టెను. నేడు మనము కొను గొలుసులలో అత్యధిక భాగము ఆ పురుగు దౌడ రూపమునకు సంతతియే.

గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగముతో తిరుగును. అది పదునుగా నున్నంత కాలము తనంతట తానే కట్టెలోనికి దిగును. చిన్న చిన్న చెక్కపెచ్చులు రాలును. మెత్తని పొట్టు రాలినచో గొలుసు మొద్దుబారినదని తెలిసికొనవలెను. పదును పెట్టుటకు గుండ్రని ఆకురాయి కావలెను. ఏ గొలుసునకు ఏ ఆకురాయి యనునది ముందే తెలిసికొనవలెను: చిన్న గొలుసులకు 4.0 మిల్లీమీటర్లది, మధ్యరకమగు .325 అంగుళముల గొలుసునకు 4.8 మిల్లీమీటర్లది, పెద్దదగు 3/8 అంగుళముల గొలుసునకు 5.2 లేక 5.5 మిల్లీమీటర్లది.

క్రొత్త గొలుసు కొనబోవునపుడు మూడు అంకెలు అవసరము: పిచ్, గేజి, బారు గాడిలో కూర్చుండు లంకెల సంఖ్య. ఈ మూడింటిని కొన్ననాడే ఇంటి డైరీలో వ్రాసిపెట్టుకొన్నవాడు అంగడికి ఒక్కసారి వెళ్ళి వచ్చును. వ్రాసిపెట్టుకొననివాడు మూడుసార్లు తిరుగును.

రక్షణ భాగములు

రంపము వలన కలుగు ఘోర ప్రమాదములలో ముఖ్యమైనది వెనుదన్ను. తిరుగుచున్న బారు కొనయొక్క పై భాగము కట్టెకు గాని, కొమ్మకు గాని తగిలినచో రంపము ఒక్క రెప్పపాటులో పైకి లేచి కోయువాని ముఖము వైపు వచ్చును. చేతితో ఆపుదమనుకొనుట వట్టి భ్రమ, అంత సమయముండదు. దీనికి విరుగుడుగా 1970 దశకము తొలి సంవత్సరములలో గొలుసు బ్రేకు వచ్చినది. ముందు పిడి ఎదుట నిలిచియుండు కవచము ముందుకు నెట్టబడగనే గొలుసు తటాలున ఆగిపోవును. మంచి యంత్రములలో చేయి తగులకున్నను, ఆ కుదుపునకే బ్రేకు పడును.

అంగడిలో యంత్రమును నడిపించి చూపుమని అడుగుటకు సంకోచింపరాదు. యంత్రము నెమ్మదిగా తిరుగుచున్నపుడు గొలుసు కదలక నిలిచియుండవలెను. వేగము హెచ్చించి కవచమును ముందుకు నెట్టినపుడు గొలుసు వెంటనే ఆగవలెను. అరచేతితో తాళమును నొక్కనిదే వేగపు మీట పనిచేయరాదు. తెగిన గొలుసును పట్టుకొను కొక్కెము బారు మొదట ఉండవలెను. పిడులకును యంత్రమునకును నడుమ స్ప్రింగులో, రబ్బరు దిండ్లో ఉండవలెను. లేనిచో అదురు వలన దినములు గడచినకొలది చేతివ్రేళ్ళు తిమ్మిరెక్కి తెల్లబారును. ఈ అయిదింటిలో ఏ ఒక్కటి లేకపోయినను ఆ యంత్రము ఎంత చౌకగా నున్నను మనకు వలదు.

వెల లెక్కలో చెవులను కప్పు మూతలు, కండ్లజోడు, శిరస్త్రాణము, గట్టి బూట్లు, కాళ్ళకు తొడుగు రక్షక వస్త్రము కూడ చేర్చుకొనవలెను. ఆ వస్త్రములోని నారలు గొలుసునకు చుట్టుకొని దానిని ఆపివేయును. యంత్రము శబ్దము 100 డెసిబెల్లులు దాటును గనుక చెవులను కాపాడుకొనుట అలంకారము కాదు. పంచె కట్టుకొని, మెడలో తువ్వాలు వేసికొని, చెప్పులతో రంపము పట్టుట మన పల్లెలలో కానవచ్చు దృశ్యము. ఈ ఆచారమును విడువవలెను. యంత్రమునకు చేసిన వ్యయములో నాలుగవ వంతు ఈ తొడుగులకు కేటాయించినవాడు నష్టపోడు.

ఇంధనము

ఇట్టి యంత్రములలో అధిక భాగము రెండు స్ట్రోకులవి. వీనిలో నూనెకు వేరుగా తొట్టి యుండదు. పెట్రోలులోనే నూనె కలిపి పోయవలెను. తయారీదారుడు 50 పాళ్ళకు ఒకటి అని చెప్పినచో ఒక లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్లు; 25 పాళ్ళకు ఒకటి అని చెప్పినచో 40 మిల్లీలీటర్లు. చేతి అంచనాతో పోయుట యంత్రమును చంపుటయే.

మరియొక క్రొత్త విషయము కలదు. 2025 నాటికి మన దేశమున సాధారణముగా అమ్మబడు పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. దానికి తగినట్లు చేయబడని రబ్బరు గొట్టములను పాడుచేయును. కావున తాము కొను యంత్రము ఎంత శాతము ఇథనాలును తట్టుకొనునో పుస్తకమున చూచి, అంగడివానిచే చెప్పించుకొనవలెను. కలిపిన ఇంధనమును నెలకు మించి నిలువయుంచరాదు. పని ముగిసిన తరువాత తొట్టిని ఖాళీచేసి, యంత్రము తానే ఆగువరకు నడిపి, పిదప అటక ఎక్కించవలెను. గొలుసునకు పోయు నూనె వేరు. ట్రాక్టరునుండి తీసిన నల్లని పాత నూనెను పోయుట ఆదా కాదు. అందులోని ఇనుప రజను నూనె దారిని మూయును.

ఇంటి చుట్టు కొమ్మలు మాత్రమే నరుకువారికి బ్యాటరీ రంపములు ఇప్పుడు లభించుచున్నవి. శబ్దము తక్కువ, పెట్రోలు తగాదా లేదు. పది అంగుళముల లోపు కట్టెకు ఇవి చక్కగా చాలును. కాని దినమంతయు నీలగిరి తోపు కోయుటకు ఇవి పనికిరావు. తీగతో నడచు విద్యుత్ రంపము ఇంటి గోడకు దగ్గర పనికి బాగుండును. తోటలోనికి పొడుగు తీగలు లాగుట ప్రమాదము.

కొనవలెనా, అద్దెకు తేవలెనా?

సంవత్సరమునకు ఎన్ని దినములు రంపముతో పనియుండునో వ్రేళ్ళపై లెక్కింపుడు. రంపము, తొడుగులు, గొలుసులు కలిపి అగు మొత్తమును కోతవాని దినకూలితో భాగించినచో ఎన్ని దినముల కూలితో రంపము వచ్చునో తెలియును. ఆ సంఖ్య నలుబది దినములై, మన పని ఏటికి నాలుగు దినములే యైనచో, సొమ్ము తిరిగివచ్చుటకు పదేండ్లు పట్టును. అట్టివానికి అనుభవజ్ఞుని పిలుచుటయే లాభము. ఏటికి ఇరువది దినముల పని గలవాడు నిశ్చింతగా కొనవచ్చును. నలుగురు బంధువులు కలిసి ఒక మంచి యంత్రమును కొనుట కూడ ఆలోచింపదగినదే. కాని దాని పదును, ఇంధనము, బాధ్యత ఒక్కరి చేతిలోనే యుండవలెను.

మరమ్మతు సంగతి మరువరాదు. చిక్కబళ్ళాపురమునందో, చింతామణియందో ఆ యంత్రమునకు గొలుసు, బారు, కార్బురేటరు భాగములు దొరకునా అని ముందుగా విచారింపవలెను. బాగేపల్లినుండి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. ఒక్క చిన్న స్ప్రింగు కొరకు అంత దూరము వెళ్ళవలసివచ్చు యంత్రము ఎంత మంచిదైనను మనకు దూరపు చుట్టమే.

రంపము చేయరాని పనులు

నేలలోనున్న నీలగిరి మొద్దులను రంపముతో తీయబూనుకొనరాదు. మట్టి తగిలిన గొలుసు క్షణములో పాడగును. మొద్దును విడిచినచో మరల చిగిర్చును. ఆ పనికి మట్టి త్రవ్వు పెద్ద యంత్రమే శరణ్యము. నిచ్చెన ఎక్కి రంపము పట్టరాదు, భుజములకంటె ఎత్తున కోయరాదు, ఒంటరిగా తోటలో పనిచేయరాదు. విద్యుత్ తీగల ప్రక్కనున్న కొమ్మను తాకకముందు బెస్కాం వారికి తెలిపి సరఫరా నిలిపించుకొనవలెను.

చట్టమును కూడ తెలిసికొనవలెను. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టము ప్రకారము మన సొంత భూమిలోని చెట్టునైనను కొట్టుటకు అటవీశాఖ వృక్షాధికారి అనుమతి పొందవలెను. నీలగిరి, సర్వి, సుబాబుల్, సిల్వర్ ఓక్, కొబ్బరి వంటి కొన్ని జాతులకు మినహాయింపు గలదు. చింత, వేప మొదలగువానిని కొట్టదలచినవారు ముందుగా అటవీశాఖ కార్యాలయమున విచారించుట శ్రేయస్కరము.

పుస్తకమును చదివించుడు

యంత్రముతోపాటు ఒక చిన్న పుస్తకము వచ్చును. అది తరచుగా ఇంగ్లీషులోనో, హిందీలోనో యుండును. ఇంటిలో తెలుగు, బజారులో కన్నడము మాటలాడు రైతునకు అది అర్థము గాక అటక చేరును. పైన చెప్పిన ప్రమాదములలో అనేకము ఆ పుస్తకము మొదటి పది పుటలు చదివినచో తప్పునవే. మన పిల్లలు ఈ పాఠశాలలో రెండు మూడు భాషలు నేర్చుచున్నారు. వారు ఎన్నడును రంపమును తాకరాదు. అది నడచుచున్నపుడు చెట్టు ఎత్తునకు రెండింతల దూరమున ఉండవలెను. కాని పని మొదలు పెట్టుటకు ముందునాటి సాయంకాలము ఆ పుస్తకమును చదివి తండ్రికి తెలుగున చెప్పగలరు. నూనె పాళ్ళను, ఆకురాయి కొలతను, బ్రేకు పరీక్షను ఒక కాగితమున పెద్ద అక్షరములతో వ్రాసి రంపము పెట్టె మీద అంటింపగలరు.

కట్టెను కొలిచి, చేతబట్టి, బ్రేకు పరీక్షించి, మరమ్మతు దారి తెలిసికొని కొన్న మధ్యరకపు రంపము పదేండ్లు సేవచేయగలదు. పెద్ద అంకెను చూచి మురిసి కొన్నది మొదటి వర్షాకాలమునకే మూలబడవచ్చును. మూలబడినను చింత లేదు. సొమ్ము మాత్రమే పోవును. పట్టినవాడు క్షేమముగా ఇంటికి రావలెను. తల్లిదండ్రులు రంపమును ఎంచుకొనునపుడు ఈ ఒక్క సంగతిని అన్నిటికంటె ముందుంచుకొందురు గాక.